కింద పెట్టిన బూస్టర్

బరంపురంలో మా వీధిలో ఎవరింట్లో టీవీకి చుక్కలు వచ్చినా కబురు నాకే వచ్చేది. "బాబూ, బొమ్మ ఆడట్లేదు" అని కొందరు తెలుగులో, అదే మాట కొందరు ఒడియాలో. స్తంభం ఎక్కి చూస్తే చాలాసార్లు కనెక్టర్ తుప్పు పట్టి ఉండేది. లేదంటే ఇంటివాళ్లు మధ్యలో స్ప్లిటర్ పెట్టి ఇంకో గదికి వైరు లాక్కుని ఉండేవారు. కనెక్టర్ మార్చేవాణ్ణి, సిగ్నల్ చాలకపోతే బూస్టర్ తగిలించేవాణ్ణి. ఇరవై ఏళ్ల పైచిలుకు కేబుల్ పనిలో ఈ రెండు మందులతోనే నెట్టుకొచ్చాను.

అందుకే మా డాబా మీద సొంతంగా యాంటెన్నా కట్టుకుని, ఉపగ్రహం పంపే మబ్బుల బొమ్మ చుక్కలు చుక్కలుగా వచ్చినప్పుడు నా చెయ్యి నేరుగా బూస్టర్ మీదకే పోయింది. అది పెట్టిన రోజు నుంచి ఆ వచ్చే కాస్త బొమ్మ కూడా పోయింది. ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నది నా ఇరవై ఏళ్ల పనిలో ఎవరూ చెప్పలేదు. మనవాళ్లలో ఇంకెవరైనా ఈ పని మొదలుపెడితే నాలా తిరిగిన దారిలోనే తిరగకూడదని రాస్తున్నాను.

అసలు నాకీ పిచ్చి పట్టింది ఫైలిన్ తుఫాను వల్ల. 2013 అక్టోబరు 12 రాత్రి అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మాకు అది పదిహేను కిలోమీటర్ల దూరం. గంటకు 200 కిలోమీటర్ల గాలి. సాయంత్రానికే కరెంటు లేదు, టీవీ లేదు, కాసేపటికి ఫోన్లూ పోయాయి. తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నాం. మా అమ్మ రాత్రంతా ఒకటే అడిగింది: "ఎక్కడిదాకా వచ్చిందిరా?" చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరందరికీ టీవీ సిగ్నల్ ఇచ్చేవాణ్ణి, అమ్మ అడిగిన ఒక్క మాటకి జవాబు చెప్పలేకపోయాను. తెల్లారి బయటికి వెళ్తే పదేళ్లుగా నేను లాగిన లైన్లు రోడ్డు మీద పాముల్లా పడి ఉన్నాయి. వాటి బాధ ఒకటి, అమ్మ ప్రశ్న ఇంకొకటి. లైన్లు రెండు నెలల్లో మళ్లీ వేసుకున్నాం. ఆ ప్రశ్న మాత్రం నాలోనే ఉండిపోయింది.

వాతావరణ ఉపగ్రహాలు తాము తీసే బొమ్మల్ని ఎవరైనా పట్టుకునేలా ఆకాశం నుంచి ఊరికే వదులుతాయని నాకు తెలిసింది 2023లో. అప్పట్లో అమెరికా వాళ్ల నోవా-15, 18, 19 మూడూ 137 మెగాహెర్ట్జ్ దగ్గర పాడుతూ ఉండేవి. రష్యా వాళ్ల మెటియోర్-ఎం కూడా అదే చోట ఉంటుంది. నోవా బొమ్మ పాత పద్ధతిది, సెకనుకు రెండు గీతల చొప్పున వస్తుంది, చెవికి టిక్కు టిక్కుమని గడియారంలా వినిపిస్తుంది. ఆ చప్పుడు నాకు ఎంతిష్టమో చెప్పలేను. 2025లో ఆ మూడింటినీ ఆపేశారు, చివరిది ఆగస్టులో ఆగింది. 1998లో పైకి వెళ్లిన నోవా-15 ఇరవై ఏడేళ్లు పనిచేసింది. ఇప్పుడు మాకు మెటియోరే దిక్కు. దాని బొమ్మ డిజిటల్, ఒక్కో చుక్క ఒక కిలోమీటరు నేల. వస్తే అద్దంలా వస్తుంది, సిగ్నల్ చాలకపోతే మొత్తం నలుపే. నోవాలా చుక్కలతోనైనా రావడమనేది ఉండదు.

యాంటెన్నా కట్టడం పెద్ద పని కాలేదు. దూరదర్శన్ రోజుల నాటి పాత టీవీ యాంటెన్నా అటక మీద ఉంది. దాని అల్యూమినియం కడ్డీలు రెండు తీసి, ఒక్కోటి 53 సెంటీమీటర్ల పైన కాస్త ఉండేలా కోసి, మధ్యలో 120 డిగ్రీల కోణంతో అడ్డంగా పడుకోబెట్టాను. దాన్నే వీ-డైపోల్ అంటారు. కిందికి ఇరవై మీటర్ల ఆర్‌జీ-6, అంటే మామూలు కేబుల్ టీవీ వైరే. రేడియో వాళ్లు 50 ఓములదే వాడాలంటారు, ఇది 75 ఓములది. ఆ తేడా వల్ల పోయేది 0.2 డీబీ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) కూడా కాదు. ఆ విషయంలో ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. వైరు చివర ల్యాప్‌టాప్‌కి పెట్టే చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్, రేడియో సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించేది.

బొమ్మ వచ్చింది, కానీ ఉపగ్రహం నడినెత్తి మీద ఉన్న నాలుగైదు నిమిషాలే. దిగంతం వైపు వెళ్లగానే చుక్కలు. అందుకని కింద డాంగిల్ పక్కన నా దగ్గరున్న కేబుల్ బూస్టర్ పెట్టాను, ఇళ్లలో పెట్టేది. తెర మీద గీత అంతా ఒక్కసారి పైకి లేచింది. సిగ్నల్ పెరిగిందనుకున్నాను. టిక్కు టిక్కు మాత్రం వినపడలేదు. దాని బదులు ఎఫ్ఎంలో వచ్చే పాట వినిపించింది, అదీ 137 దగ్గర! ఉపగ్రహం ఉండాల్సిన చోట సినిమా పాట.

దసరా సెలవులకి మా మేనకోడలు వచ్చింది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదువుతోంది. డాబా మీద వడియాలు తీస్తూ నా తంటాలు కాసేపు చూసి అడిగింది.

"మావయ్యా, డిష్‌కి ఎల్‌ఎన్‌బీ ఎక్కడుంటుంది?"

"డిష్ ముందే ఉంటుంది అమ్మలూ, ఎందుకు?"

"ఎందుకు పైనే పెట్టారు? కింద సెట్‌టాప్ బాక్స్ పక్కన పెట్టొచ్చు కదా, ఎండా వానా తగలకుండా?"

నాకు నోట మాట రాలేదు. ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ పట్టిన సిగ్నల్‌ని మొదట పెంచే డబ్బా. కంట్రోల్ రూములో పెద్ద డిష్‌లకి ఎల్‌ఎన్‌బీలు నా చేత్తో ఎన్ని మార్చానో. ప్రతిదాని మీదా స్టిక్కర్ ఉంటుంది, "17 డిగ్రీ కె" అనో "15 డిగ్రీ కె" అనో. ఆ అంకె తక్కువుంటే మంచి సరుకు అని తెలుసు. ఆ కె ఏమిటో ఏనాడూ అడగలేదు. మేనకోడలు చెప్పింది: ప్రతి యాంప్లిఫయర్ వచ్చిన సిగ్నల్‌ని పెంచుతూ తన సొంత గోల కూడా కొంత కలుపుతుంది. ఆ గోలని వేడితో పోల్చి కెల్విన్లలో కొలుస్తారు. 17 కెల్విన్ అంటే చాలా నెమ్మదైన యాంప్లిఫయర్. నేను పెట్టిన బూస్టర్ నాయిస్ ఫిగర్, అంటే అది కలిపే గోల కొలత, 6 డీబీ అనుకుంటే, అదే లెక్కలో దాదాపు 860 కెల్విన్. కేబుల్‌లో నోడ్ నుంచి వచ్చే సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి దాని గోల అక్కడ కనపడదు. ఉపగ్రహం పంపేది 5 వాట్లు. దేవుడి గదిలో పెట్టే చిన్న ఎల్‌ఈడీ బల్బంత. అదీ 800 కిలోమీటర్ల పై నుంచి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వరసలో మొదట ఉన్న యాంప్లిఫయర్ ఎంత నెమ్మదిదో అదే మొత్తం వరస తలరాత రాస్తుంది. దాని ముందు వైరులో ఒకటిన్నర డీబీ పోతే ఆ ఒకటిన్నరా నేరుగా గోలలో కలుస్తుంది. తర్వాత ఎన్ని బూస్టర్లు పెట్టినా పోయింది తిరిగి రాదు, సిగ్నల్‌తో పాటు గోల కూడా అంతే పెరుగుతుంది. అందుకే మొదటిది యాంటెన్నా మొదట్లోనే ఉండాలి. డిష్‌కి ఎల్‌ఎన్‌బీ పైనే ఉన్నది అందుకే.

మరి పైన యాంప్లిఫయర్‌కి కరెంటు? అది నాకు కొత్త కాదు. ట్రంక్ లైన్ యాంప్లిఫయర్లకి ఆ కోయాక్స్‌లోనే 60 వోల్టులు పంపేవాళ్లం. ఎల్‌ఎన్‌బీకి 13, 18 వోల్టులు అలాగే వెళ్తాయి. ఇక్కడ దాన్నే బయాస్ టీ అంటున్నారు: ఒక కాయిల్ గుండా డీసీ వైరులోకి వెళ్తుంది, ఒక కెపాసిటర్ గుండా సిగ్నల్ డాంగిల్‌లోకి వస్తుంది, ఒకదాని దారికి ఒకటి అడ్డం రాదు. నా డాంగిల్‌లోనే అది ఉంది, 4.5 వోల్టులు ఇస్తుంది. ఎస్‌పీఎఫ్5189జెడ్ అనే చిప్‌తో చేసిన ఎల్‌ఎన్‌ఏ, అంటే తక్కువ గోల చేసే యాంప్లిఫయర్, కొన్నాను, నాయిస్ ఫిగర్ 0.6 డీబీ, అంటే 43 కెల్విన్. 90 మిల్లీఆంపియర్లు తాగుతుంది. ఆర్‌జీ-6 లోపలి తీగ రాగి పూసిన ఇనుము కాబట్టి ఇరవై మీటర్లలో పావు వోల్టు దాకా పడిపోతుంది. మీటరుతో చూస్తే పైకి 4.3 వచ్చింది. చాలు.

పెట్టాను. బూస్టర్ కన్నా ఘోరం. ఇప్పుడు పాటతో పాటు యాడ్స్ కూడా.

ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. అంతా సరిగ్గా చేశానే!

సంగతేమిటంటే ఆ ఎల్‌ఎన్‌ఏకి మంచీ చెడూ తెలీదు. 50 మెగాహెర్ట్జ్ నుంచి 4,000 దాకా ఏది వచ్చినా పెంచుతుంది. ఊళ్లో ఎఫ్ఎం టవర్లు మా డాబాకి కళ్లెదురుగా ఉన్నాయి. వాటి ముందు ఆ 5 వాట్ల ఉపగ్రహం ఎంత? డాంగిల్ వచ్చిన సిగ్నల్‌ని 8 బిట్లలో కొలుస్తుంది, అంటే మొత్తం 256 మెట్లు. ఎఫ్ఎం ఒక్కటే ఆ 256 మెట్లూ ఆక్రమిస్తే ఉపగ్రహం సిగ్నల్ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. డాంగిల్ గెయిన్ తగ్గిస్తే ఉపగ్రహం సిగ్నలూ తగ్గుతుంది. కేబుల్‌లో ఎక్కువ లెవెల్ ఇస్తే ఒక చానెల్ మీద ఇంకో చానెల్ నీడ పడుతుంది, క్రాస్ మాడ్యులేషన్ అంటాం. ఇదీ ఆ జాతిదే. డిష్‌కి ఈ గొడవ ఎందుకు లేదని మేనకోడల్ని ఫోన్లో అడిగాను. "ఎల్‌ఎన్‌బీ గొట్టం ఉంది కదా మావయ్యా, మూడు మీటర్ల పొడుగుండే ఎఫ్ఎం తరంగం అందులో దూరలేదు. ఆ గొట్టమే ఫిల్టర్" అంది.

కాబట్టి ఎల్‌ఎన్‌ఏ ముందు ఫిల్టర్ పెట్టాలి. కానీ ఫిల్టర్‌లో కూడా కొంత సిగ్నల్ పోతుంది, ముందు పోయింది గోలలో కలుస్తుందని ఇప్పుడే చెప్పాను కదా? ఇక్కడే 137 మెగాహెర్ట్జ్ సంగతి వేరు. ఈ చోట ఆకాశమే గోల చేస్తుంది, పాలపుంత నుంచి వచ్చేదే కొన్ని వందల కెల్విన్లు. ఆపైన మన ఊళ్ల చార్జర్లు, ఇన్వర్టర్లు. అంత గోలలో ఫిల్టర్ వల్ల ఒక డీబీ పోయినా పెద్దగా తెలీదు. అదే 1,700 మెగాహెర్ట్జ్ దగ్గర డిష్‌తో పట్టే ఉపగ్రహాలకైతే ఆకాశం చల్లగా ఉంటుంది, అక్కడ ఎల్‌ఎన్‌ఏ ముందుండాలి. ఏది ముందు, ఏది వెనక అన్నదానికి ఒకే జవాబు అన్ని చోట్లా పనిచెయ్యదు.

ఫిల్టర్ ఆర్డర్ పెట్టాను, రావడానికి మూడు వారాలన్నారు. ఆగలేక నా చేతిలో ఉన్న సరుకుతోనే ఒకటి చేశాను. ఇది మాత్రం వివరంగా చెప్తాను, కేబుల్ పని తెలిసిన ఎవరైనా గంటలో చేసుకోగలరు.

ఆర్‌జీ-6 ముక్క ఒకటి తీసుకుని, దాని చివర లోపలి తీగనీ పై జడనీ కలిపేస్తే, అది కొన్ని ఫ్రీక్వెన్సీలకి గోడలా, కొన్నిటికి అసలు లేనట్టుగా ఉంటుంది. దీన్ని స్టబ్ అంటారు. ముక్క పొడుగు ఒక తరంగంలో సగం ఉంటే ఆ ఫ్రీక్వెన్సీ నేలలోకి పోతుంది. ముప్పావు ఉంటే ఆ ఫ్రీక్వెన్సీకి స్టబ్ ఉన్నట్టే తెలీదు. 137.5కి ముప్పావు తరంగం పొడుగున్న ముక్క, సరిగ్గా 91.7కి సగం తరంగం అవుతుంది! అంటే ఉపగ్రహానికి దారి ఇస్తూనే ఎఫ్ఎం బ్యాండ్ కింది కొసని మింగేస్తుంది. మా డాబా మీద గట్టిగా కొట్టేది ఆ కొసే. ఈ లెక్క కాగితం మీద తేలినప్పుడు పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. రాత్రి పదకొండింటికి మా ఆవిడని లేపి చెప్పాను.

పొడుగు: 137.5కి తరంగం 2.18 మీటర్లు. ఫోమ్ ఉన్న ఆర్‌జీ-6లో వేగం గాలిలో కన్నా తక్కువ, 0.83 దరిదాపు. రెండూ గుణించి ముప్పావు తీస్తే 1.36 మీటర్లు. వేగం ఒక్కో కంపెనీ వైరుకి కాస్త మారుతుంది కాబట్టి 1.42 దగ్గర కోశాను. ఒక కొస ఎఫ్-కనెక్టర్, దాన్ని టీ జాయింట్‌కి బిగించాను. రెండో కొసే ఇబ్బంది. కేబుల్ టీవీ వైరు జడ అల్యూమినియం, దానికి సోల్డర్ పట్టదు. ఎంత మంచి ఫ్లక్స్ వేసినా బొట్టు జారిపోతుంది. కాబట్టి సెంటీమీటరున్నర చెక్కి, లోపలి తీగని వెనక్కి మడిచి జడ మీద ఆనించి, పైన రాగి గొట్టం ముక్క ఎక్కించి క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కాను. మీటరు పెడితే సున్నా చూపించాలి, చూపించింది. తర్వాత డాంగిల్‌ని ఎఫ్ఎం మీద పెట్టి, తెర మీద ఆ స్టేషను దగ్గర గీత ముక్కులా పైకి లేచిన చోటు చూస్తూ, సెంటీమీటరు సెంటీమీటరు కోస్తూ, ప్రతిసారీ మళ్లీ చెక్కి మడిచి నొక్కుతూ పోయాను. ఐదో కోతకి ఆ ముక్కు ఒక్కసారి కూలిపోయింది. కొలిస్తే 1.37 మీటర్లు.

ఇంకో లాభం కూడా ఉంది. స్టబ్ చివర కలిసి ఉండటంతో డీసీకి యాంటెన్నా నేలకి కట్టేసినట్టే. ఉరుములప్పుడు కడ్డీల మీద చేరే స్టాటిక్ ఎల్‌ఎన్‌ఏలోకి పోకుండా కిందికి జారిపోతుంది. అయితే స్టబ్ ఎల్‌ఎన్‌ఏకి ముందే ఉండాలి, తర్వాత పెడితే పైకి వెళ్లే 4.5 వోల్టుల్ని షార్ట్ చేసేస్తుంది. పిడుగు పడితే మాత్రం ఏ స్టబ్బూ కాపాడదు. కాలబైశాఖి (వేసవి ఉరుముల గాలివాన) మబ్బు కనపడగానే నేను వైరు ఊడదీసి డాబా మీదే ఎర్త్ రాడ్‌కి తగిలిస్తాను.

స్టబ్‌కి ఒక హద్దు ఉంది. 92, 93 దగ్గర పద్దెనిమిది డీబీకి పైనే తగ్గిస్తుంది కానీ, 102 దగ్గరికి వచ్చేసరికి నాలుగైదు డీబీ మాత్రమే. కొన్న ఎఫ్ఎం ఫిల్టర్ వచ్చాక దాన్ని కూడా స్టబ్ తర్వాత పెట్టాను. ఇప్పటి వరస ఇది: యాంటెన్నా, స్టబ్, ఎఫ్ఎం ఫిల్టర్, ఎల్‌ఎన్‌ఏ, వైరు, డాంగిల్. బూస్టర్ మళ్లీ నా సంచిలోకి వెళ్లింది. టిక్కు టిక్కు దిగంతం నుంచి దిగంతం దాకా వినిపించింది, పన్నెండు నిమిషాలు. అప్పటికి నోవా-19 ఇంకా బతికే ఉంది.

ఆ వర్షాకాలం మళ్లీ ఒక దెబ్బ తగిలింది. ఎల్‌ఎన్‌ఏ డబ్బాలోకి వెళ్లే కనెక్టర్‌లో నీళ్లు చేరాయి. మామూలు కేబుల్ లైనులో అయితే ఏడాది రెండేళ్లు పట్టే తుప్పు, డీసీ ఉండటంతో మూడు వారాల్లో పట్టింది. రాగి పూత పోయి లోపలి ఇనుము ఎర్రగా పొడిలా రాలింది. వైరుని డబ్బా కింద నుంచి, ముందు ఒక వంపు కిందికి వేలాడేలా ఇచ్చి తెచ్చి ఉంటే నీళ్లు అక్కడే కారిపోయేవి. స్తంభాల మీద ఎప్పుడూ ఆ వంపు ఇచ్చేవాణ్ణి, ఇంటి దగ్గర ఇవ్వలేదు. ఇప్పుడు వంపు ఉంది, కనెక్టర్ మీద సాగదీస్తే తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు, దాని పైన మామూలు టేపు.

2024 అక్టోబరులో దానా వచ్చింది. ఒడియాలో తుఫానుని బాత్యా అంటారు, ఆ మాట వింటే మా అమ్మ ముఖం ఇప్పటికీ మారిపోతుంది. 24వ తారీకు ఉదయం మెటియోర్ మా మీదుగా వెళ్లే పాస్ ఉంది. వరండాలో ల్యాప్‌టాప్ పెట్టి అమ్మని పిలిచాను. బొమ్మ పై నుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగింది. ముందు హిమాలయాలు, తెల్లగా మంచు, తర్వాత గంగ మైదానం. ఆ తర్వాత బంగాళాఖాతం ఉండాల్సిన చోట పెద్ద తెల్లటి సుడి.

"ఏటిరా ఇది?"

"అదేనమ్మా."

"మన ఊరు?"

మామూలు రోజుల్లో చిలికా సరస్సు నల్లగా కనపడుతుంది, దాన్ని చూసి మన ఊరు చూపిస్తాను. ఆ రోజు చిలికా మబ్బు కింద ఉంది. తీరం గీత లెక్క కట్టి వేలు పెట్టాను. సుడి మధ్య భాగం మాకు తూర్పుగా చాలా దూరంలో ఉంది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, వేలు మా ఊరి మీద ఒకటి, సుడి మీద ఒకటి ఆనించి, మధ్య దూరం కొలిచినట్టు చూసింది.

"ఇక్కడిదాకా వచ్చిందన్నమాట."

ఆ అర్ధరాత్రి దాటాక దానా భితర్‌కనికా, ధామ్రాల మధ్య తీరం దాటింది, మాకు 250 కిలోమీటర్లకు పైనే. మా దగ్గర వాన పడింది, గాలి ఓ మోస్తరు. సాయంత్రం అమ్మ మళ్లీ అడిగింది, ఇంకో బొమ్మ ఎప్పుడొస్తుందని. రాత్రి తొమ్మిది దాటాక అని చెప్పాను. ఎనిమిదిన్నరకే కుర్చీ తెచ్చుకుని ల్యాప్‌టాప్ పక్కన కూర్చుంది.